డాబా మీద పై పోస్టు

మీరు చదవబోయేది ఒక ఇతిహాసం. ఇందులో ఎత్తైన శిఖరం ఉంది, నిప్పులు కురిసే ఆకాశం ఉంది, ఒళ్లంతా తెల్లగా మెరిసిపోయే వీరుడున్నాడు, అజ్ఞాతవాసం ఉంది, అది భగ్నం కావడం కూడా ఉంది.

అంత సీన్ లేదు. శిఖరమంటే యూనివర్సిటీలో ఒక పాత బిల్డింగు డాబా. నిప్పుల ఆకాశమంటే మే నెల. వీరుడి తెలుపు బకెట్లోంచి వచ్చింది. అజ్ఞాతవాసం ఒక కూలర్ డబ్బాలో జరిగింది, అదీ గొంతుక్కూర్చుని.

నేను కెమిస్ట్రీలో పీజీ చేశాను. ఏ యూనివర్సిటీలో చేశానో, ఇప్పుడు ఆ యూనివర్సిటీ డాబాల మీదే పని చేస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే పెద్ద కూలర్లలో గడ్డి మార్చడం, పంపులు కడగడం, స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల కోటింగ్ వేయడం. చదువు వృథా పోలేదు. బకెట్ మీద రాసి ఉన్న రసాయనాల పేర్లన్నీ తప్పుల్లేకుండా చదవగలను. మా మేస్త్రీకి దానివల్ల ఇంతవరకూ ఒరిగిందేమీ లేదు.

ముఖానికి కర్చీఫ్ కట్టుకునేవాణ్ణి. ఎండకు అని చెప్పేవాణ్ణి. ఎండకు కాదు. కింద నా జూనియర్లు తిరుగుతుంటారు, నాకు పాఠాలు చెప్పినవాళ్లు తిరుగుతుంటారు. క్యాంపస్‌లో ఎవరికీ కనబడకూడదనుకున్న మనిషి, క్యాంపస్ మొత్తంలో అన్నిటికంటే తెల్లగా మెరిసే చోట రోజంతా నిలబడతాడు. నా తెలివి అలాంటిది.

మాది లాలాపేట్. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ చేతులు పైకెత్తి నిలబడి, ఊరికే నిలబడలేక, “మీ అబ్బాయి ఏం చేస్తాడు?” అని అడుగుతుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని అమ్మ ఒకటే జవాబిస్తుంది.

“యూనివర్సిటీల. పైన.”

సూదుల వల్ల వాక్యం అంతకంటే సాగదు. పైన అంటే ఎంత పైన అన్నది వినేవాళ్ల మర్యాదను బట్టి ఉంటుంది. చాలామంది మర్యాదస్తులు. మా వీధిలో నాది పై పోస్టు.

అలా మర్యాదగా విన్నవాళ్లలో ఒక ఆంటీ ఉంది. రాయలసీమ మనిషి. కూతురు మా యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చదువుతోంది. హాస్టల్లో సీటు రాక తార్నాకలో ఒక పెంట్‌హౌస్ అద్దెకు తీసుకున్నారు. మన ఊళ్లో డాబా మీద ఒంటరిగా కట్టిన గదిని పెంట్‌హౌస్ అంటారు. అద్దెకిచ్చేవాళ్లు అంటారు. అందులో ఉండేవాళ్లు ఇంకేవేవో అంటారు. కూతురు పగలంతా క్లాసులో, లైబ్రరీలో గడుపుతుంది. ఆంటీ ఆ గదిలో ఉడుకుతుంది. ఒకరోజు గ్యాస్ స్టవ్ ముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఊళ్లో ఉన్న భర్త ఫోన్‌లో తేల్చేశాడు: హాస్టల్ సీటైనా రావాలి, లేదంటే తల్లీకూతుళ్లిద్దరూ ఊరికైనా రావాలి. పరీక్షలా? బతికుంటే వచ్చే ఏడు రాసుకోవచ్చు.

జాకెట్ తీసుకోవడానికి వచ్చి ఆంటీ ఇదంతా మా గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది.

“సార్, పైన ఉండేవాళ్లు మీరు. మీరొక మాట చెప్తే మా పాపకు సీటు రాదా?”

నాకంటే రెండింతల వయసున్న మనిషి సార్ అంటుంటే నేను మా మెట్ల వైపు చూశాను. అమ్మ కుట్టుమిషన్ మరీ చప్పుడు చేయడం మొదలుపెట్టింది.

“చూస్తానండీ,” అన్నాను.

చాలా మంచి మాట. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. డాబా మీంచి చాలా దూరం చూడొచ్చు.

ఆమె వెళ్లాక అమ్మ మీద ఎగిరాను. అమ్మ దారం కొరుకుతూ అంది: “నేనేం అబద్ధమాడిన? నువ్వు పైన పని చేస్తలేవా? పోస్టు అనలే, ఆఫీసు అనలే. పైన అన్న. గామె ఏమనుకుంటే నాకేమెరుక?”

“డాబా మీద అని చెప్పొచ్చు కదనే.”

“నువ్వెందుకు చెప్పలే మరి? నీ నోట్ల సూదులు లేకుండె కద.”

నా నోట్లో సూదులు లేవు, నిజమే. కర్చీఫ్ ఉంది.

ఆ వారం ఒక బిల్డింగు మీద పని. సగం డాబాకు కోటింగ్ అయింది. మిగతా సగంలో, కింది రీడింగ్ హాలుకు గాలి పంపే కూలర్ ఉంది. కూలరంటే ఇంట్లో ఉండేది కాదు, చిన్న పాన్‌డబ్బా అంత ఉంటుంది. మూడు పక్కలా గడ్డి కట్టిన తలుపులు, పైన నీళ్లు జారే తొట్టి, మధ్యలో ఫ్యాన్. ఒక తలుపు ఊడదీసి పాత గడ్డి పీకుతున్నాను. మేస్త్రీ అవతల పంపు బాగు చేస్తున్నాడు. అప్పుడు మెట్ల దగ్గర ఆడవాళ్ల మాటలు వినబడ్డాయి.

“అమ్మా, సార్ మీటింగ్‌లో ఉంటారని చెప్తి కదా! ఇంకో దినం వద్దాం రా.”

“నాలుగు దినాల నుంచి అదే చెప్తాండావు. ఏం మీటింగో చూస్తా పద. కింద వాచ్‌మన్ పైనే ఉండాడన్నాడు.”

కింద ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆంటీ ప్రతి బిల్డింగు దగ్గరా ఆగి అడుగుతూ వచ్చి, మా వాచ్‌మన్‌ను “పైన పని చేసే సార్” ఉన్నాడా అని అడిగిందట. అతను నిజాయితీపరుడు. మెట్లు చూపించాడు.

మనిషికి ఇలాంటప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి, ధైర్యంగా నిలబడి నిజం చెప్పడం. నేను కూలర్లో దూరాను.

ఊడదీసిన తలుపును లోపలి నుంచి దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఫ్యాన్ వైరు ముందే పీకేసి ఉంది, లేకపోతే ఈ రచన ఇంకెవరో రాయాల్సి వచ్చేది. గడ్డి సందుల్లోంచి ఆంటీ చీర అంచు, చేతిలో టిఫిన్ డబ్బా కనిపించాయి.

“అయ్యా, ఇక్కడ పై పోస్టులో ఉండే సార్ యాడుంటాడు?”

మేస్త్రీ తలెత్తాడు. “పై పోస్టా? గీడ పైన మేమే ఉన్నం తల్లీ. మాకన్న పైన అంటే గా నీళ్ల ట్యాంకున్నది.”

“అట్ల కాదయ్యా. లాలాపేట్‌లో జాకెట్లు కుట్టే అమ్మ కొడుకు.”

“గట్ల చెప్పున్రి మరి! వాడు గిప్పుడే గీడ ఉండె. ఆగున్రి, పంపు చూసి పిలుస్త.”

పంపు చూశాడు. పంపు బ్రహ్మాండంగా పని చేసింది. పై తొట్టిలోంచి నీళ్లు మూడు పక్కలా, సమానంగా, ఎక్కడా అడ్డం లేకుండా జారాయి. చక్కటి పనితనం. పోయిన ఏడాది ఆ తొట్టికి చిల్లులు తెరిచింది నేనే. ఏడాది నాటి బూజు నీళ్లు నెత్తి మీంచి మెడలోకి దిగాయి. తుమ్మాను. ఒకసారి కాదు.

“ఏమ్రా! కూలర్ల స్నానం చేస్తున్నవా? బయటికి రా, నీ కోసం మనుషులొచ్చిండ్రు!”

తలుపు పక్కకు పెట్టి బయటికొచ్చాను. ఒక చెయ్యి మోచేతి దాకా తెలుపు, జుట్టులో గడ్డి, ముఖాన కర్చీఫ్ తడిసి అతుక్కుపోయింది. దాన్ని విప్పుదామని చూస్తే ముడి రాలేదు. ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె అలవాటు కొద్దీ అంది:

“సార్... తడిసినారే.”

డబ్బాను చీర కొంగు కిందికి తీసుకుంది. దాచుకోవాలని కాదు, ఏం చేయాలో తోచక. అందులో ఓళిగలున్నాయి, అంటే బొబ్బట్లు. వాసన తెలుస్తూనే ఉంది. ఆ ఎండలో స్టవ్ ముందు నిలబడి, పై పోస్టులో ఉన్న సారు కోసం చేసినవి. 

కూతురు ఆశ్చర్యపోలేదు. పనంతా పాడు చేసిన మనిషిని చూసినట్టు చూస్తోంది. ఆంటీ ట్యాంకు నీడలో కూలబడ్డాక నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“పరీక్షలయ్యేదాకా దాక్కోలేకపోయినారా?”

“మీకు తెలుసా?”

“ఎదురు బిల్డింగు మా ల్యాబు. మీ ఇంటికి కొలతలకొచ్చినప్పుడు చూసినా, నీళ్లు తాగను కర్చీఫ్ తీస్తే గుర్తుపడితి. కిటికీలోంచి దినామూ కనబడతారు. తెల్ల డాబా మీద మీరొక్కరే నల్లగా ఉంటిరి.”

“మరి మీ అమ్మకు...”

“ఎందుకు చెప్తా? సార్ ఉండాడు, సీటు ఇప్పిస్తాడని ఎదురుచూస్తాండె. ఆ ఆశ మీద ఇన్ని దినాలు ఆగింది. ఇప్పుడు టికెట్ తీయమంటుంది, చూడండి.”

అప్పటిదాకా ఆ అబద్ధం నాది, మా అమ్మది అనుకున్నాను. మా కుటుంబ ఆస్తిలా చూసుకుంటున్నాను. దాని నీడలో ఇంకొకమ్మాయి కూర్చుని చదువుకుంటోందని నాకు తట్టనే లేదు. ఇన్నాళ్లూ నేను సిగ్గుపడింది డాబా మీద ఉన్నందుకు. ఇప్పుడు డాబా సంగతి పోయి, తుమ్మినందుకు సిగ్గేసింది.

ట్యాంకు నీడలోంచి ఆంటీ అననే అంది. “ఆదివారం రైలుకు పోదాం పాపా. కాచిగూడలో ఎక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం.”

ఏం పూనిందో, నేను కోటింగ్ వేసే రోలర్ చేతిలోకి తీసుకుని ఆమె ముందు నిలబడ్డాను. “ఆంటీ, హాస్టల్ సీటు నా చేతుల్లో లేదు. నా చేతుల్లో ఉన్నది ఇదొక్కటే. మీ గది మీద రేపే కోటింగ్ వేస్తా. చల్లబడకపోతే ఆదివారం నేనే మిమ్మల్ని రైలెక్కిస్తా.”

 నా గొంతు నాకే నచ్చింది.

“డైలాగ్ మంచిగనే ఉన్నది,” అన్నాడు మేస్త్రీ. “రోలర్ కింద పెట్టు. అమ్మ చెప్పుల మీద కారుతున్నది.”

మర్నాడు పొద్దున్నే కోటింగ్ మేస్త్రీ తన సొంత స్టాకులోంచి ఇచ్చాడు. “నువ్వు కూలర్ల కూసున్న ముచ్చట మా ఇంట్ల చెప్తే అందరు నవ్విండ్రు. గా నవ్వుకు ఇస్తున్న, తీస్కో,” అన్నాడు. అది శనివారం. అటు నుంచి అటే తార్నాక వెళ్లాం. ఇంటి ఓనరు వచ్చి, పైసా ఖర్చు లేదని తేల్చుకున్నాక, పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు. ఆ గది కప్పు మీద కొన్ని తరాల పావురాలు కాపురం చేసినట్టున్నాయి. సగం పూట రెట్ట గీకడమే సరిపోయింది. కడిగి, ఆరబెట్టి, మధ్యాహ్నం ఎండలో మొదటి కోటు, సాయంత్రానికి రెండోది. ఇంద్రభవనం అయిపోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆంటీ చాప మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు కప్పు వైపు చూసింది. కూతురు గుమ్మంలో పుస్తకం తెరిచి కూర్చుంది, ఒక్క పేజీ తిప్పలేదు. నేను నిచ్చెన మీద, లేని పనేదో చేస్తున్నాను.

“నెత్తి మీద కొట్టడం లేదు పాపా,” అంది ఆంటీ చివరికి. “ఉక్కగానే ఉంది గానీ, కొట్టడం లేదు.”

తర్వాత ఊరికి ఫోన్ కలిపింది. నిచ్చెన దిగేలోపు వినబడింది.

“సీటా? సీటు సంగతి అట్ల ఉండనీ. యూనివర్సిటీలో పైన పని చేసే సార్ స్వయంగా మన గదికొచ్చి చూసినాడు. ఏం పర్లేదు, పరీక్షలైనాక పొమ్మన్నాడు. ఆఁ, పై పోస్టే. అబద్ధం చెప్తానా?”

గుమ్మంలో కూతురు నా వైపు చూడకుండా పేజీ తిప్పింది. ఆ డాబా మీద పావురాలు తప్ప చూసేవాళ్లెవరూ లేరు. అయినా నేను కర్చీఫ్ ముక్కు మీదికి లాక్కున్నాను. డబ్బాలో పెట్టి ఇచ్చిన ఓళిగలు బస్సులో మేస్త్రీయే తిన్నాడు.

ఆ అమ్మాయి పరీక్షలు రాసింది. రెండో ఏడాదికీ తల్లీకూతుళ్లు ఆ గదిలోనే ఉన్నారు. మొన్న, ఇన్నాళ్ల తర్వాత, మెసేజ్ పెట్టింది. గది మళ్లీ కొద్దిగా వేడెక్కుతోంది, ఏం చేయాలి సార్ అని. చివర్లో ఆ సార్‌ను రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత జవాబిచ్చాను. తెల్ల కోటింగ్ మీద దుమ్ము పేరుకుంటే ఎండను తిప్పికొట్టదు. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, నీళ్లు పోసి మెత్తటి చీపురుతో కడగాలి. సబ్బు పొడి అక్కర్లేదు.