మంగళహారతి వేళ పేలిన తుపాకీ

పోలీసు తుపాకీ పేలడం నేను కళ్లారా చూశాను. అప్పుడు నా చేతిలో హారతి పళ్లెం ఉంది, నోట్లో పాట ఉంది. అందుకే పారిపోలేదు. ధైర్యమనుకునేరు, కానే కాదు. మా భజన మండలిలో హారతి వెలిగిందంటే కర్పూరం కొండెక్కేదాకా ఎవరూ ఉన్న చోటు నుంచి కదలకూడదు. నాకు పురాణం చదవడం నేర్పినప్పుడు మా మామగారు పెట్టిన మొదటి నియమం అది. సూరత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, మోత మధ్య కాపురం పెట్టినా దాన్ని వదులుకోలేదు.

ఆ రోజు పురాణ సప్తాహం ఆఖరి దినం. గల్లీలో షామియానా వేశాం. ఒక పక్క ఆడవాళ్లం, ఇంకో పక్క మగవాళ్లు. మధ్యాహ్నం హారతి అందుకోబోతుంటే ఎవరో ఒక యువకుడు చెమటలు కక్కుతూ వచ్చి మగవాళ్ల మధ్యలో కూలబడ్డాడు. భజనకు ఎవరొచ్చినా ఒట్టి చేతులతో కూర్చోనివ్వం. మద్దెల వాయించే తమ్ముడు, సొంత తమ్ముడు కాదు, మా వెనకింట్లో ఉండే సాంచాల కార్మికుడు, పక్కనున్న చిడతలు తీసి అతని చేతిలో పెట్టాడు. కొత్త మనిషి వాయించడం మొదలుపెట్టాడు. తాళం కాస్త తొందరపడుతుంటే భక్తి ఎక్కువైందనుకున్నాను. వెనక పోలీసులు తరుముతున్నారని నాకేం తెలుసు?

హారతి సగంలో ఉండగా షామియానా ముందు ఇద్దరు పోలీసులు కనబడగానే అతను చిడతలతో సహా లేచి పరుగు తీశాడు. మా తమ్ముడు మద్దెల కింద పెట్టి వెంటబడ్డాడు.

"ఓ అన్నా! చిడతలు ఇచ్చి పో! దేవునియి అవి!"

హారతి మధ్యలో లేచినవాడు మా మండలి చరిత్రలో మా తమ్ముడొక్కడే.

గల్లీ చివర ఆ యువకుడు నడుము దగ్గర నుంచి కత్తి తీసి పోలీసు మీదికి తిరిగాడు. పోలీసు ముందు గాలిలోకి కాల్చాడు, తర్వాత కాలికి కాల్చాడు. సాంచాల చప్పుడులో ఎవరో టపాకాయ కాల్చారనుకున్నాను. అతను పడిపోయి, ప్యాంటు మీద ఎరుపు పాకుతుంటే అర్థమైంది. అయినా పాట మాత్రం ఆపలేదు. "వాణ్ని చావనీయకు స్వామీ" అన్న మాట ఆ చరణంలోనే ఇరికించేశాను. రాగంలో ఇమడలేదు గానీ పైకి చేరినట్టే ఉంది. గుండు ఎముకను తాకకుండా పోయిందని తర్వాత తెలిసింది.

ఈలోగా మా తమ్ముడు వంగి, పడినవాడి చేతిలోంచి చిడతలు లాక్కుంటున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకు తోడుదొంగను లేపుతున్నట్టే ఉంది. పోలీసులు అతని కాలరు కూడా పట్టుకుని జీపులో కూర్చోబెట్టారు.

గాయపడినవాణ్ని ఆసుపత్రికి తీసుకుపోయాక ఒక అధికారి మా దగ్గరకొచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు బయటే విప్పాడు. జరిగినదంతా రాసుకున్నాననీ, హిందీలో చదువుతాననీ, సరిగ్గా ఉందో లేదో చెప్పమనీ అడిగి మొదలుపెట్టాడు.

"దొంగ షామియానాలో దూరాడు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"గోవిందా!" అన్నారు మావాళ్లు.

చదివేవాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ గోవిందా అనాలి. వారం రోజులుగా అదే పని మరి.

"పోలీసులు హెచ్చరించారు."

"గోవిందా!"

అధికారి ముఖం వెలిగిపోయింది. ఇంత ఐకమత్యం గల సాక్షులు అతనికి ఎన్నడూ దొరికి ఉండరు.

"దొంగకు తోడున్నవాడు ముందే వచ్చి, మద్దెల దగ్గర కాచుకుని ఉన్నాడు."

"గోవిందా!"

అందరికంటే పైన వినిపించిన గొంతు మద్దెల తమ్ముడి భార్యది.

"ఏయ్, ఆగుండ్రి!" అని అరిచాను.

"ఏందక్కా, తప్పు వోయిందా?" అందామె.

"తప్పా? నీ మొగన్ని నువ్వే జైలుకు తోలుతున్నవే, గంత రాగం తీసుకుంట!"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా, నేను ఇననే లేదు. సారు ఆగంగనే నోట్లకెల్లి వచ్చింది." కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న ముసలమ్మ ఊరుకుంటుందా? "హారతిల లేస్తే గిట్లనే అయితది" అని గొణిగింది.

నేను అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను నమ్మలేదు. "అందరూ ఒప్పుకున్నారు కదా మాసీ, ఇప్పుడు మాట మారిస్తే ఎలా?" అన్నాడు.

ఇక లాభం లేదని వ్యాసపీఠం ముందు కూర్చున్నాను. అతనికి అర్థమయ్యేలా హిందీలోనే, పురాణం చదివే గొంతుతో అందుకున్నాను.

"ఈ సాబు ఇవాళ ఏనుగెక్కి మా గల్లీకి వచ్చాడు."

ఆగాను.

"గోవిందా!" అన్నారు మగవాళ్లు.

"వచ్చి, ప్రసాదం లడ్డూలన్నీ తానొక్కడే తిన్నాడు."

ఈసారి ఆడవాళ్లు కూడా కలిశారు. అంతకుముందు తిట్లు తిన్నవాళ్లే. వెనక నిలబడ్డ కానిస్టేబులు సైతం గోవిందా అన్నాడు. అధికారి మీసం కింద నవ్వు దాచుకోలేక తల దించుకున్నాడు. వ్యాసపీఠం ముందు అబద్ధమాడినందుకు నేను మనసులోనే చెంపలు వేసుకున్నాను.

తర్వాత అతను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాడు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. అందరూ ఒకటే చెప్పారు: మద్దెలాయన పరుగెత్తింది చిడతల కోసం. ముసలమ్మ మాత్రం, ఆకాశంలో స్వామి చక్రం గూడ కనవడ్డదని కలిపింది. దాన్ని ఆయన రాసుకోలేదు. నాకు ఇప్పటికీ కొంచెం అనుమానమే, నేను అటు చూడలేదు కదా.

సాయంత్రానికి మద్దెల తమ్ముడు నడుచుకుంటూ వచ్చాడు. కాలరు చిరిగి వేలాడుతోంది. మండలి అంతా చుట్టూ మూగింది. అతను భార్యను అడిగాడు.

"సారు అడిగితె నా గురించి ఏం చెప్పినవే?"

ఆమె నా వైపు చూసింది, కాపాడమన్నట్టు. ఒక్కరోజులో రెండో అబద్ధం నాకిష్టం లేదు.

"శానా గట్టిగ చెప్పింది తమ్మీ. అందరికంటె గట్టిగ," అన్నాను.

అతను పొంగిపోయాడు. ఆమె నా వంక గుర్రుగా ఒక చూపు చూసి, ఆ చిరిగిన కాలరే పట్టుకుని మొగుణ్ని ఇంటికి లాక్కుపోయింది.