నా ఫొటోతో పెళ్లిచూపులు

నా ఫొటో దొంగిలించిన మనిషిని నేను పిన్ని అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లందరూ మాకు పిన్నులో అత్తలో అయిపోయేవారు. ఈవిడ మా క్వార్టరుకి రెండిళ్ల అవతల ఉండేది.

బి.ఏ. పాసైన సరదాకి అమ్మ పట్టుచీర కట్టుకుని సదర్ బజార్‌లో ఫొటో తీయించుకున్నాను. తోడుగా ఆవిడే వచ్చింది. కుచ్చిళ్లు సర్దింది, గడ్డం పట్టుకుని మొహం కాస్త పక్కకి తిప్పింది. "పిన్నీ, బాగున్నానా?" అని స్టూడియో అతని ముందే పదిసార్లు అడిగి ఉంటాను. ఫొటో చక్కగా వచ్చింది. కొన్నాళ్లు దాన్ని చూసుకోవడమే నాకు పని.

నెల తిరక్కుండా ఒక ఆదివారం ఎవరో తెలుగువాళ్లు మా ఇంటికి వచ్చారు. తిఫ్రాలో ఉంటారట. పిన్ని ఇంట్లో ఉంటున్న ఆవిడ అన్నగారి కూతుర్ని చూడడానికి వచ్చి, ఫొటోలో ఉన్న పిల్ల ఒకతె, ఎదురుగా కూర్చున్న పిల్ల ఇంకొకతె అని తెలిసి లేచి బయటికి వచ్చేశారు. బయట ఎవరికో ఆ ఫొటోలో పిల్ల పోలికలు చెబితే మా ఇల్లు చూపించారు. పెళ్లికొడుకు తల్లి నన్ను ఎగాదిగా చూసి, "మాకీ పిల్లే నచ్చింది. మీరేటంటారు?" అని నాన్నని అడిగింది.

నాన్న నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ముందు నా ఫొటో ఇచ్చెయ్యండి."

"అబ్బాయి దగ్గరుందమ్మా. జేబులో ఎట్టుకుని తిరుగుతున్నాడు," అంది ఆవిడ నవ్వుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను అడక్కుండా నా మొహం ఎవడి జేబులోనో తిరుగుతుంటే నేను సిగ్గుపడి మురిసిపోవాలట!

మర్నాడు స్టూడియోకి వెళ్లి గొడవపడ్డాను. "ఆప్‌కీ మౌసీ హై నా?" అన్నాడతను. నా పిన్నే కదా అని మూడు కాపీలు తీసి ఇచ్చేశాడట. రైల్వే తెలుగువాళ్లతో మసిలినవాడు, పిన్ని అంటే ఎవరో అతనికి తెలుసు. ఆ పిలుపు నా నోటి నుంచే విన్నాడు. ఇంక అతన్ని ఏమని తిట్టను? నెగెటివ్ ఇమ్మంటే, అది స్టూడియోదే అని కాసేపు నసిగాడు. కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా గొంతు పెంచేసరికి తెచ్చి ఇచ్చాడు. అతని కత్తెరతోనే ముక్కలు చేశాను. ఆ ఒక్క పని మాత్రం హాయిగా అనిపించింది.

అటునుంచి అటే వెళ్లి నిలదీస్తే పిన్ని కొంచెం కూడా కంగారు పడలేదు. "ఏటే ఈ గోల? నీ మొకమేటైనా అరిగిపోనాదేటి?" అంటూ ఒక ఫొటో నా చేతిలో పడేసింది. ఇంకొకటి తఖత్‌పూర్‌లో ఎవరికో ఇచ్చిందట, ఎవరికో గుర్తులేదట. ఇంటికొస్తే అమ్మ కూడా, "పోనిద్దూ, మంచి ఫొటోయే కదా," అంది. కాలనీలో నాకు గయ్యాళి అని పేరు వచ్చింది. రానీ అనుకున్నాను.

నాన్నని వెంటబెట్టుకుని తిఫ్రా వెళ్లాను. ఆ అబ్బాయి జేబులోంచి ఫొటో తీసి, నా ఎదురుగానే మరోసారి తీరిగ్గా చూసుకుని ఇచ్చాడు. చెంప పగలగొట్టాలనిపించింది. నాన్న ఉన్నాడని ఊరుకున్నాను.

తఖత్‌పూర్ ఫొటో కోసం మళ్లీ పిన్ని ఇంటికి వెళ్లాను. ఈసారి ఆ అన్నగారి కూతురే తలుపు తీసింది. నాకంటే చిన్నది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నీ ఫొటో పట్టుకెళ్లినట్టు నాకు తెలీదక్కా," అంది. "ఫొటో చూడకుండానే వస్తున్నారనుకున్నాను. అత్త నాది తీయించనే లేదు కదా."

వెనకనుంచి పిన్ని వచ్చింది. నేను వచ్చిన పని వదిలేసి, "ఈ పిల్లని ఒక్కసారి స్టూడియోకి తీసుకెళ్లడానికి మీకేం రోగం?" అని అరిచాను.

"దాని ఫొటో సూస్తే ఎవులొస్తారే?" అంది, ఆ పిల్ల ముందే.

ఆ పిల్ల పక్కకి తప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మూడో ఫొటో దొరకనే లేదు. నా ఫొటో ఎత్తుకెళ్లినందుకు ఆవిడని ఎప్పుడో ఒకప్పుడు క్షమించి ఉండేదాన్నేమో. ఆ మాట అన్నందుకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.