సుభానీ మామకీ నాకూ మధ్య ఒక తీగ

ఆ రోజు గ్లైడర్‌ని ఎగరేసింది నేనా, ఆయనా?

ఏళ్ళుగా నాతో తిరుగుతున్న ప్రశ్న ఇది. నిన్న పొద్దున నూర్జహాన్ అత్త ఫోన్ చేసి "మీ మామ ఇక లేడమ్మా, నిద్దట్లోనే పోయాడు" అనగానే నాకు ముందు తట్టింది ఇదే. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మొన్న ఆదివారమేగా నన్ను అంత గట్టిగా తిట్టారు!

అంత గొంతున్న మనిషి చప్పుడు చేయకుండా ఎలా వెళ్ళిపోతారు?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. సుభానీ మామ నరసరావుపేటలో మా ఎదురింటాయన. చీరల షాపు. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. ఆదివారం వస్తే స్కూటర్‌కి ఒక పొడుగాటి రెక్క కట్టుకుని నకరికల్లు వైపు వెళ్ళిపోయేవారు.

ఒకసారి గేటు దగ్గర ఆపి, "ఆ బొమ్మ మీ మనవడిదా మామా?" అని అడిగాను.

"బొమ్మా? గ్లైడర్ అమ్మాయ్! నీ బండి తీసుకుని నా వెనకమాల రా. నేర్పుతా."

అలా నలభైలో పడ్డాక, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునే నేను గ్లైడర్ విసరడం మొదలుపెట్టాను.

దానికి మోటార్ ఉండదు. రెక్క చివర ఉన్న చిన్న పుల్లను వేళ్ళతో పట్టుకుని, మనమే గుండ్రంగా ఒక చుట్టు తిరిగి వదిలెయ్యాలి. పైకి లేచాక రిమోట్‌తో తిప్పుకోవాలి.

ఆ వదిలెయ్యడం దగ్గరే నా ప్రాబ్లమ్.

మొదటి రోజు చుట్టు తిరిగాను. వదలాల్సింది ఇప్పుడేనా అని డౌట్ వచ్చింది. ఇంకో చుట్టు తిరిగాను. అప్పుడూ డౌటే. ఇంకోటి. క్లిప్పు ఊడింది, జుట్టు విడిపోయింది, కొంగు జారింది. నేను మాత్రం ఆగలేదు.

మేము గ్లైడర్ ఎగరేసే బీడు పక్కనే మిరప కళ్ళం. ఎండబోసిన కాయల్లో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఒసేయ్, ఆ టీచరమ్మకి అమ్మోరు పూనిందే!"

ఒకామె బిందె ఎత్తుకొచ్చి నా కాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించింది. ఇంకొకామె చేతులు జోడించింది.

"తల్లీ, మా పిల్లోడికి పెళ్ళెప్పుడవుద్ది?"

కళ్ళు తిరుగుతున్నాయి. గ్లైడర్ ఇంకా చేతిలోనే ఉంది. "నాకు తెలియదండీ" అన్నాను.

"తెలవదంటందేందే తల్లి!"

వాళ్ళకి నిజం చెప్పాల్సిన సుభానీ మామ ఏమన్నారో తెలుసా?

"గట్టిగా అడగండమ్మా. ఈ తల్లికి అన్నీ అనుమానాలే."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా నేను వాళ్ళకి "తల్లి"నే.

విసరడం వచ్చాక నడపడం. ఆయన రిమోట్‌కీ నా రిమోట్‌కీ మధ్య ఒక తీగ పెట్టేవారు. ఆయన తన రిమోట్ మీద స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపు గ్లైడర్ నా చేతిలో. వేలు తీస్తే ఆయన చేతిలో.

గ్లైడర్ ఎదురుగా మన వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను కుడా, ఎడమా అని ఆలోచించేలోపు అది మిరపకాయల మీదికి దిగేది.

"నువ్వు మీటింగ్ పెట్టుకునేదాకా అది ఆగదు అమ్మాయ్!"

ఇక ఆ రోజు.

మధ్యాహ్నం ఎండ. కళ్ళం మీద గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "అక్కడ వేడిగాలి లేస్తంది. వాటి కిందకి పోనియ్" అన్నారు మామ.

పోనిచ్చాను. తిప్పాను. గ్లైడర్ లేచింది. ఇంకా లేచింది. గద్దల మధ్యకి వెళ్ళి వాటితో పాటే తిరిగింది. కళ్ళంలో ఆడవాళ్ళు చేటలు కింద పెట్టి చూస్తున్నారు.

మామ ఒక్క మాట తిట్టలేదు. నాకు అనుమానం వచ్చింది అందుకే.

ఆయన వేలు స్విచ్ మీద ఉందా?

చూడాలంటే గ్లైడర్ మీద నుంచి కళ్ళు తిప్పాలి. కళ్ళు తిప్పితే అది ఆకాశంలో కలిసిపోతుంది. చూడలేదు.

చివరికి అది మిరపరాశిలో ముక్కు గుచ్చుకుని దిగింది. వెతకబోయి అందరం తుమ్మాం.

"మామా, నేనే ఎగరేశానా?"

"ఎగిరిందా లేదా?"

"ఎగిరింది."

"మరింకేంది?"

ఎన్నిసార్లు అడిగినా ఇదే. మీకు చిన్న విషయంలా ఉండొచ్చు. నా పీహెచ్‌డీ మా గైడ్ పుణ్యం అన్నారు. ఉద్యోగం నాన్న పలుకుబడి అన్నారు. నేనూ సగం నమ్మాను. ఎవరి చెయ్యీ లేకుండా నేను చేసిన పని ఒక్కటైనా ఉంటే, అది ఆ మధ్యాహ్నమే అయ్యుండాలి.

నిన్న మామని తీసుకెళ్ళాక అత్త పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని అంది.

"గద్దల రోజు సంగతి మీ మామ నాకు చెప్పాడే. నేనున్నంతవరకూ దానికి చెప్పమాక అన్నాడు. ఇప్పుడు లేడుగా. చెప్పమంటావా?"

చెప్పమనాలా, వద్దనాలా అని నాలో నేనే మళ్ళీ మీటింగ్ పెట్టుకున్నాను.

"సరేలే, నీ ఇష్టం. నీకు అడగాలనిపించినప్పుడే అడుగు" అంది.

వెళ్ళిరండి మామా. అల్లా మీకు ఏ తీగలూ లేని నెమ్మదిని ఇవ్వాలి.

అత్తని అడగాలో వద్దో మాత్రం నాకింకా తేలలేదు.