మంచులో నా ముఖం

నాకు పెళ్లయిన ఏడాదికి మా ఆయన డిజిటల్ కెమెరా కొన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. ఆయన ఆఫీసులో మెడలో బ్యాడ్జీ వేలాడే ప్రతివాడి చేతిలోనూ ఒక కెమెరా ఉండేది. నగరం చివరన యాప్రాల్‌లో మా అద్దె ఇంటి మేడ మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో నన్ను నిలబెట్టి ప్రాక్టీసు చేశాడు. నా వెనక సున్నం గోడ ఫోటోలో వెలిసిపోతుంటే, వెలుతురు మైనస్‌లో పెట్టమని ఎవరో తోటి ఇంజనీరు చెప్పాడట. పెట్టాడు, బాగానే వచ్చింది. దాంతో ఫోటోగ్రఫీ మొత్తం వచ్చేసిందనుకున్నాడు మహానుభావుడు.

కెమెరాతో పాటు వచ్చిన పుస్తకం మాత్రం నేను చదివాను. మధ్యాహ్నాలు అత్తగారు నిద్రపోయాక, అక్షరం వదలకుండా. చుట్టూ తెలుపే ఉంటే కెమెరా మోసపోతుందనీ, ఆ తెలుపును బూడిదరంగుకు దించేస్తుందనీ, మంచులో తీసేటప్పుడు వెలుతురు ఒక మెట్టు పెంచాలనీ అందులో ఉంది. పెంచాలని, తగ్గించాలని కాదు.

ఆ చలికాలం మనాలీ వెళ్లాం. మంచు చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత తెలుపు నేనెప్పుడు చూశాను కనక! ఆయనేమో మైనస్ నొక్కుతున్నాడు.

"ఏవండీ, ప్లస్ పెట్టాలటండీ. పుస్తకంలో ఉంది."

"ఇంత వెలుతురుంటే ఇంకా పెంచమంటావేంటి? ఫోటో తెల్లకాగితం అయిపోతుంది."

"పోనీ ఒక్కటి నన్ను తియ్యనివ్వండి."

"పడేస్తావ్. అక్కడ నుంచుని నవ్వు."

నవ్వాను. ఆ ఎండకి కెమెరా వెనక చిన్న తెర మీద బొమ్మ ఎలా వచ్చిందో సరిగా కనపడలేదు. మూడు రోజులు తీశాడు. నా చేతికి ఒక్కసారైనా ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక కెమెరాను టీవీకి తగిలించి అందరికీ చూపించాడు. మంచు పొయ్యిలో బూడిదలా ఉంది, నేను అందులో బొగ్గులా ఉన్నాను. మా అత్తగారిది విజయనగరం వైపు, కడుపులో మాట దాచుకునే రకం కాదు. "ఓలమ్మా! పెళ్లిచూపులకి పౌడరు రాసి కూకోబెట్టీసినారు గానీ, మంచులో నిలబెడితే తెలిసింది పిల్ల రంగు" అంది. ఆడపడుచు పకపకా నవ్వింది. నేను మా ఆయన వంక చూశాను. "తప్పు నాదేనమ్మా, నేనే సరిగా తియ్యలేదు" అంటే చాలు. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. ఆయన బటన్ నొక్కి తర్వాతి ఫోటో పెట్టాడు.

మర్నాడు కెమెరాలో కార్డు తీసుకుని కార్ఖానా బజారులో ఫోటోలు ప్రింటు వేసే షాపుకు వెళ్లాను. షాపతను చూడగానే చెప్పాడు: "గీ మంచుల అందరికీ గిదే పరేషాన్ మేడమ్. కెమెరాకు సమజ్ కాదు. జెర వెలుతురు పెంచి తియ్యాలె." అచ్చం పుస్తకంలో మాటే! కంప్యూటర్లో వెలుతురు పెంచాడు. మంచు తెల్లబడింది. నా ముఖం నా ముఖంలా వచ్చింది, ఎప్పుడూ ఉండే చామనఛాయతో. ఆ ఒక్క ప్రింటు పట్టుకుని పరుగున ఇంటికొచ్చాను, పిచ్చిదాన్ని.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసింది. "షాపోడి చేత తెలుపు చేయించుకొచ్చినావేటి?"

"మంచు కూడా తెల్లబడింది కదండీ, చూడండి!"

"మంచు సంగతి ఎవులడిగినారు?"

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "వదిలెయ్యవే" అన్నాడు. వదిలెయ్యమని నాకే చెప్పాడు, వాళ్లమ్మకు కాదు.

రెండేళ్లకు పాప పుట్టింది. ఆసుపత్రిలో తెల్లదుప్పటి మీద, తెల్ల తువాలులో చుట్టి పడుకోబెట్టారు. ఆయన కెమెరా తీశాడు. కుట్లు సలుపుతుంటే మంచం మీంచే "ప్లస్ పెట్టండి" అన్నాను. వినలేదు. ఫోటో నల్లగా వచ్చింది. అత్తగారు చూసి "తల్లి రంగే వచ్చీసింది, పాపం" అంది.

నన్నంటే పడ్డాను. ఒక్కపూట వయసు పిల్లను అనేసరికి ఒళ్లు మండిపోయింది. "అది పాప రంగు కాదండీ, మీ అబ్బాయి చేతకానితనం" అన్నాను. గదిలో ఉన్న మా అమ్మ, ఆడపడుచు, నర్సు అందరూ విన్నారు.

మా ఆయన ముఖం మాడిపోయింది. కెమెరా ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పాప బోర్లాపడింది, పాకింది, అడుగులేసింది. ప్రతిసారీ కెమెరా తియ్యమని అడిగాను, సిగ్గు విడిచి బతిమాలాను. "నాకు చేతకాదుగా" అనేవాడు. పోనీ నాకివ్వండి, నేను తీసుకుంటానంటే తాళంచెవి జేబులోంచి బయటికి వచ్చేది కాదు. కార్ఖానా షాపుకు తీసుకెళ్తానంటే, ఏడాది నిండకుండా ఫోటో తీయిస్తే దిష్టి తగులుతుందని అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడేది. కొడుకు ఆసుపత్రిలో తీసినప్పుడు ఆ దిష్టి ఏమైందో నేను అడగలేదు, అడిగే ఓపిక అయిపోయింది. నా కూతురికి ఏడాది నిండేదాకా ఉన్నది ఆ ఒక్క నల్ల ఫోటోనే.