నాలుగు కాజాలు

చొక్కా గుండీ దూరే చీలిక చుట్టూ దారంతో కాజా కుట్టడంలో అత్తగారిని మించినవాళ్ళు లేరు. చుట్టుపక్కల దర్జీలందరూ ఆ పని ఆమెకే పంపేవారు. ఏళ్ళ తరబడి సూది పట్టీ పట్టీ వేలిముద్రలు అరిగిపోయాయి, ఫోను ఆమె వేలిని గుర్తుపట్టేది కాదు. పాస్‌వర్డ్ పెట్టిస్తే సాయంత్రానికే మర్చిపోయేది.

"అక్షరాలు నా బుర్రలో నిలవవే. నా కాజా చూపించు, కళ్ళు మూసుకుని చెప్తా."

"కళ్ళు మూసుకుంటే ఎలా కనబడుద్ది అత్తయ్యా?" అని కోడలు పకపకా నవ్వింది. ఫోన్లు బాగుచేసే కొట్టు ఆమెది. నవ్వుతూనే బొమ్మల తాళం ఒకటి పెట్టింది. తెరమీద పదహారు కాజాల ఫొటోలు, వాటిలో అత్తగారు కుట్టినవి నాలుగు. ఆ నాలుగే నొక్కాలి, పైగా ప్రతిసారీ వాటి చోట్లు మారిపోతాయి. తాళం పెట్టిన కోడలే మూడుసార్లు తప్పు నొక్కి చేతులెత్తేసింది. కోడలి కంటికి పదహారూ ఒకటే మరి!

పోయిన వారం అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది, ఏం చెప్పబోయినా ఒకే మాట వచ్చేది. కొడుకును చూసి "గిన్నె" అంది. నీళ్ళు కావాలా అంటే కిటికీ వైపు చూసింది. ఆమెకు ఏమాత్రం తెలుస్తోందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

"అమ్మ ఇంక లేనట్టే," అని కొడుకు ఆస్పత్రి వరండాలో భోరుమన్నాడు. కోడలికి గుండె తరుక్కుపోయింది. ఆ మాటకు ఒళ్ళూ మండింది. విసవిసా లోపలికి వెళ్ళి అత్తగారి ముందు ఆ బొమ్మల తాళం ఉన్న ఫోను పట్టుకుంది.

అత్తగారు తెర వైపు చూసింది. తర్వాత ఎడమచేతి వేలు మెల్లగా లేచింది. ఒకటి నొక్కింది. రెండు. మూడోదాని మీద ఆగి, కాదన్నట్టు పక్కదాన్ని నొక్కింది. నాలుగు. ఫోను తెరుచుకుంది.

"అలవాటు కొద్దీ నొక్కిందేమో," అన్నాడు వెనకాలే వచ్చిన కొడుకు, ఆశపడటానికి భయపడుతూ.

"చోట్లు మారాయండీ! అలవాటైన చెయ్యి కూడా కాదది. చూసి పోల్చుకున్నారు!"

కోడలికి ఒళ్ళు జలదరించింది. ఇంత మనిషి లోపల అలాగే ఉంది, మాటలొక్కటే లేవు. ఆ ముసలి కళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

అత్తగారు అప్పటికే కొడుకు చొక్కా పట్టుకు లాగుతోంది. బజారులో కొన్న చొక్కా అది, కాజా దారం ఊడి వేలాడుతోంది.

"గిన్నె!" అంది చిరాగ్గా.

కొడుకు ఏడుస్తూనే నవ్వి, చొక్కా విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు.