నేనెక్కితే ఆగిపోయే కారు

మా కారు నేను ఎక్కితే ఆగిపోయేది. ఇంకెవరు ఎక్కినా నడిచేది. ఇప్పుడు ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, ఆ ఆషాఢంలో మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నాకైతే ముద్ద దిగేది కాదు.

అది తెల్ల అంబాసిడర్. మా ఆయన గన్నవరంలో ఎయిర్‌పోర్టు బయట స్టాండులో దాన్ని టాక్సీగా తిప్పేవాడు. చుట్టూ కొత్త కార్లు ఎన్ని వచ్చినా ఆయన దాన్ని మార్చలేదు. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ స్టాండులోనే, స్టీరింగు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. పక్క బండివాళ్ళు చూసేసరికి ఎడమవైపుకి ఒరిగి ఉన్నాడట. ఎడమచెయ్యి పక్కసీటు కిందకి చాచి ఉందట.

ఆ పక్కసీటు నాది. ఎప్పుడన్నా కారెక్కితే నేను కూర్చునేది అక్కడే. చెయ్యి సంగతి విన్న దగ్గర్నుంచీ నన్ను ఒకటే ఆలోచన పట్టుకుంది. ఆఖరి నిమిషంలో నాకోసం తడుముకున్నాడేమో, నేను అక్కడ లేకపోతినే అని. ఎవరితో అనలేదు. అంటే ఓదారుస్తారు, ఓదార్చినా అది పోయేది కాదు.

ఆ రోజు కారు స్టార్ట్ కాలేదు. ట్రాక్టరుకి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా ఇల్లు కంకిపాడు దాటాక కాలువ గట్టు వారన ఉంటుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో దాన్ని నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పారు. తర్వాత నేను ఆ షెడ్డులోకి పిడకలకి కూడా వెళ్ళలేదు.

మా మరిది పాల వ్యాను తోలతాడు. మొన్న వేసవిలో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"వదినా, ఇప్పుడు పెళ్ళిళ్ళకి ఏసీ కార్లు వద్దంటన్నారు. ఫొటోలకి ఇట్టాంటి పాత బండే కావాలంట. అన్నయ్య కారు బాగు చేయించి నేను తోల్తాను. నీ బతుకు నీకు గడుస్తది. కాదంటావా, పాత ఇనుమోడికి తోసేద్దాం. షెడ్డన్నా ఖాళీ అవుద్ది."

ఇనుమోడి మాట వినగానే నాకు ఎక్కడో కలుక్కుమంది. సరే చేయించు అన్నాను. లోపలి పని మాత్రం నేనే చేస్తానన్నాను. నాకు చదువు లేదు, సంతకం కూడా బొమ్మ గీసినట్టు గీస్తాను. కానీ జాకెట్లు, లంగాలు కుట్టి బతుకుతున్నదాన్ని. సీటు కవరు మాత్రం కుట్టలేనా?

విజయవాడ ఆటోనగర్ వెళ్ళి మెరూన్ రంగు రెక్సినూ, అంచుకి పెట్టే మీగడరంగు పైపింగూ, స్పాంజీ, కింద పరిచే మ్యాటూ తెచ్చుకున్నాను. తేవడం తేలిక. కార్లోకి ఎక్కడమే కష్టమైంది. తలుపు తీస్తే ఎలుకల కంపు. లోపల పైకప్పు గుడ్డ చిరిగి, ముసలి ఆవు గంగడోలులా వేలాడుతోంది. డ్రైవరు తల పైన ఆ గుడ్డ మీద నూనె మరక ఉంది. మా ఆయన తల తగిలీ తగిలీ పడ్డది. కత్తెర పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చివరికి ఆ మేరకు గుండ్రంగా కత్తిరించి, మడిచి చీరల పెట్టెలో పెట్టుకున్నాను. మిగతాది తీసి పారేశాను.

నా వైపు సీటు బయటికి లాగినప్పుడు కింద ఎక్కడో టక్కుమని చప్పుడైంది. చూస్తే సీటుకీ నేలకీ మధ్య ఒక చెక్కముక్క బిగించి ఉంది, సైకిలు ట్యూబు చుట్టి. స్ప్రింగు విరిగితే ఊతం పెట్టాడు కాబోలనుకున్నాను. ఎప్పట్నుంచో నా కుట్టుమిషను కాలు ఒకటి ఊగుతుంటే, ఆ చెక్క దాని కింద పెట్టుకున్నాను. అతికినట్టు సరిపోయింది. సీటు కింద రేకు మీద బోల్టు తలలు కనిపించాయి. ఒకదానికి నల్లటేపు చుట్టి ఉంది. కొత్త మ్యాటు పరిచేటప్పుడు అన్నిటితో పాటు దానికీ ఒక కన్నం కోశాను. పనితనం అంటే అలా ఉండాలని నాలో నేను మురిశాను కూడా.

వైరింగు పనికి మరిది ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. డాష్‌బోర్డు కింద తలపెట్టి, "అమ్మా, ఎలకలు కోసినంత నీటుగా నేను కూడా కొయ్యలేనండీ. వీటిని పన్లో పెట్టుకోవాల్సింది" అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో బాబూ. నా సీట్ల జోలికి మాత్రం రాకు. ఆ నూనె చేతులు రెక్సిన్ మీద పడితే ఊరుకోను" అన్నాను. పాపం, అతను చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. మా కష్టమంతా ఆ మాటతోనే మొదలైందని అప్పటికి తెలియదు.

అతను పనిచేస్తుండగా నేను తలుపు లోపలి ప్యాడు బిగిస్తున్నాను. ఉన్నట్టుండి హారన్ మోగింది. ఎవరూ ముట్టుకోలేదు. అది మా ఆయన వీధి మలుపులో కొట్టే హారనే, అన్నం పెట్టమని. నా చేతిలో స్క్రూడ్రైవరు కాలి మీద పడింది. ఎలక్ట్రీషియన్ బానెట్లోంచి లేచి, "భయపడకండమ్మా, హారన్ వైరు బాడీకి తగిలింది" అన్నాడు. వైరే అయ్యుండొచ్చు. నేను మాత్రం వెళ్ళి వీధి మలుపు దాకా చూసొచ్చాను.

కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. మూడేళ్ళు మూలపడ్డ బండి! ఎలక్ట్రీషియన్ తన చేతిని తానే ముద్దు పెట్టుకున్నాడు.

సాయంత్రం పొద్దుండగానే మరిది తోలుతుంటే నేను నా సీట్లో కూర్చున్నాను. కాలువకి నీళ్ళు వదిలిన రోజులు. నీళ్ళు గట్టు అంచుదాకా, బురదరంగులో, ఉరుకుతూ పోతున్నాయి. గట్టు రోడ్డు మీద ఒక గుంత వచ్చింది. చక్రం దాంట్లో పడగానే ఇంజిన్ ఆగింది, డాష్‌బోర్డులో దీపాలూ పోయాయి. వెనక నారు కట్టలతో ట్రాక్టరు వస్తోంది. దానికి దారివ్వాలని మరిది స్టీరింగు తిప్పితే, వాలులో కారు కాలువ వైపు జారింది. ముందు చక్రం గడ్డి దుబ్బు దగ్గర నిలబడింది. ఇంకాస్త అయితే నీళ్ళే. నేను తలుపు తోసుకుని దూకేశాను. దూకాక మరిది తాళం తిప్పితే స్టార్ట్ అయింది, ఏమీ ఎరగనట్టు.

మళ్ళీ ఎక్కాను. మళ్ళీ కొంత దూరంలో గతుకు, మళ్ళీ ఆగింది. మళ్ళీ దూకాను. ఇక ఇంటికి నడిచే వెళ్ళాను.

మర్నాడు మరిది ఒక్కడే హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొచ్చాడు. ఎక్కడా ఆగలేదు. ఇంకో రోజు వెనక సీట్లో నలుగుర్ని ఎక్కించుకుని వెళ్ళాడు. ఆగలేదు. నేను ఎక్కాను, ఆగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యూజులు మార్చాడు, వైర్లన్నీ తడిమి చూశాడు, తప్పు దొరకలేదు. "నా వైరింగులో లోపం లేదండీ. నిమ్మకాయలు తొక్కిద్దాం" అన్నాడు. తొక్కించాం. నేను ఎక్కాను. నాలుగు నిమ్మకాయలు దండగ.

అప్పుడు మరిది నా మొహంలోకి చూడకుండా అన్నాడు. "అన్నయ్యకి ఇష్టం లేనట్టుంది వదినా."

"ఏది ఇష్టం లేదంటావ్? అద్దెకి తిప్పడమా, నేనెక్కడమా?"

"ఏమో. శ్రావణంలో కంకిపాడు పెళ్ళికి మాటిచ్చేశాం. పెళ్ళికూతురితో నడిరోడ్డు మీద ఆగిపోతే మళ్ళీ మన బండి ఎవడు పిలుస్తాడు? ఆగిందా, కాలవలోకి జారిందా, ఎవడు చెప్పగలడు? ఇంకొక్కసారి చూద్దాం. ఆగిందంటే ఇనుమోడికే. నువ్వింకేం అనమాక."

నాకు బతుకుతెరువు పోతుందన్న భయం ఒకటి. దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది. ఆ రోజు తడుముకున్నప్పుడు నేను లేనని, ఇప్పుడు నన్ను రానివ్వట్లేదేమో. కాపురం చేసిన మనిషికి భయపడాల్సి రావడం ఎంత అన్యాయమో చెప్పలేను. ఆయన ఫొటోకి దీపం పెట్టేటప్పుడు కూడా కళ్ళలోకి చూసేదాన్ని కాదు.

ఆఖరిసారి చూసే రోజు ఎలక్ట్రీషియన్ కూడా వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, గడ్డం గోక్కుని అడిగాడు. "అమ్మా, బండి ఆగినప్పుడల్లా మీరేం చేస్తన్నారు?"

"ఏం చేస్తాను, దూకేస్తన్నాను."

"అదేనండీ. మీరు దూకుతారు, అది బాగైపోతది. బాగైనాక నేను చూస్తే నాకేం కనపడద్ది? జొరం తగ్గాక నాడి పట్టుకున్నట్టు. ఈసారి ఆగితే దిగొద్దు. కదలొద్దు. ఊపిరి మాత్రం పీల్చుకోండి."

గట్టు మీద అదే గుంత. అదే చోట ఆగింది. మరిది దిగి చక్రానికి రాయి అడ్డం వెయ్యడానికి వెళ్ళాడు. వెనక సీట్లోంచి ఎలక్ట్రీషియన్ దిగి బానెట్ ఎత్తాడు. అద్దం ముందు అది తెర కట్టినట్టు లేచింది. లోపల నేనొక్కదాన్నే మిగిలాను. కుడిపక్కన డ్రైవరు సీటు ఖాళీ. ఆయన ప్రాణం పోయింది అక్కడే. నా వైపు కిటికీలోంచి చూస్తే రోడ్డు కనిపించలేదు, నీళ్ళే. ఏవో కొమ్మలు కొట్టుకుపోతున్నాయి. తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని, తియ్యకుండా, దాన్నే పట్టుకుని కూర్చున్నాను. కుట్టేటప్పుడు వేలికి సూది దిగితే ఎలా బిగబట్టుకుంటానో అలా బిగబట్టుకున్నాను.

అతను చేతిలో చిన్న బల్బు పట్టుకుని, వైరు వెంట ఒక్కోచోట ఆనించి చూస్తున్నాడు. కరెంటు ఉన్నచోట బల్బు వెలుగుతుంది. "ఇక్కడుంది... ఇక్కడా ఉంది..." అంటూ చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు వైపు వచ్చి, డాష్‌బోర్డు కింద పెట్టాడు. వెలగలేదు. నా కొత్త మ్యాటు అంచు కొద్దిగా ఎత్తి చూశాడు. అతని గొంతు మారిపోయింది.

"ఈ వైరు నేనేసింది కాదు. పాతది. ఇది... మీ కిందకి వస్తందమ్మా."

"లేవనా?"

"లేస్తే మళ్ళీ దొరకదండీ. నేను చెయ్యి పెడితే బాగోదు. మీరే సీటు కింద తడమండి."

తడమండి అన్నాడు! వచ్చే జన్మకి కూడా ఆ మాట మరచిపోను. ఆయన పోయినప్పుడు చెయ్యి చాచి ఉన్న చోటు అది. అక్కడ నా చేతికి ఇంకో చెయ్యి తగులుతుందనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కళ్ళు మూసుకుని, వంగి, చెయ్యి పెట్టాను. స్పాంజి అడుగు, స్ప్రింగు, తర్వాత నేను కోసిన కన్నం, టేపు చుట్టిన బోల్టు. ఆ బోల్టు కదిలింది.

సీటు మీంచి కాస్త లేచి దాన్ని పైకి తోశాను. టక్కుమంది. సీటు లాగిన నాడు విన్న చప్పుడే. డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగింది.

మరిది పరుగెత్తుకొచ్చాడు. చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దొంగ స్విచ్చి వదినా ఇది! స్టాండులో బండ్లు పోతన్నాయని అప్పట్లో డ్రైవర్లు పెట్టించుకునేవాళ్ళు. ఇది కట్టేస్తే తాళం ఉన్నా బండి కదలదు. అన్నయ్య నాక్కూడా చెప్పలా."

స్విచ్చి పాతబడి, నేను బోల్టనుకున్న దాని పుల్ల వదులైపోయింది. సీటు దాని మీదకి దిగకుండా ఆయన ఆ చెక్క పెట్టుకున్నాడు. నేను చెక్క తీసేశాను. గతుకులో నా బరువుకి సీటు దిగి దాన్ని వంచేది, కరెంటు పోయేది. నేను దూకితే లేచి నిలబడేది. బండిలో ఎందరున్నా నేను తప్ప ఎవరూ కూర్చోని సీటు అది. నూనె చేతుల్ని నేను ముట్టనివ్వని సీటు.

"నన్ను ఆ సీటు ముట్టుకోనిచ్చుంటే మొదటి రోజే చెప్పేవాణ్ణండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నాలుగు నిమ్మకాయలు తొక్కించినోడివి, ఊరుకో" అన్నాను.

అప్పటికి నవ్వాను గానీ, ఇంటికొచ్చాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. కారు ఎక్కడ ఆపినా దిగేముందు ఆయన నా సీటు కింద చెయ్యి పెట్టేవాడు. బీడీకట్ట దాస్తున్నాడని నా అనుమానం.

"ఏంటయ్యా దాస్తన్నావు అక్కడ?"

"నీ సవతిని. కదిలించమాక, కరుస్తది."

అంటే ఆ రోజూ బండి స్టాండులో పెట్టి, ఎప్పటిలాగే స్విచ్చి కట్టేశాడు. అందుకే తర్వాత స్టార్ట్ కాలేదు. నేను సీటు లాగిన నాడే అది టక్కుమని మళ్ళీ పైకి లేచింది. చేతిలో పని పూర్తయ్యాకే ఒరిగాడు. నాకోసం తడుముకోలేదు. ఆ మాట తెలిశాక ఇన్నేళ్ళ బరువు దిగింది. దిగినచోట కొంచెం వెలితిగా కూడా ఉంది. మనిషి మనసు ఇంతే.

చెక్కముక్క మిషను కిందనుంచి తీసి, ట్యూబు మళ్ళీ చుట్టి, సీటు కింద దాని చోట దాన్ని బిగించాను. కొత్త స్విచ్చి పెడతానని ఎలక్ట్రీషియన్ అంటే సరేనన్నాను, ఉండేది మాత్రం అక్కడే ఉండాలన్నాను.

పెళ్ళినాడు పూలదండలతో కారు మా ఇంటి మీదుగానే వెళ్ళింది. పెళ్ళికూతురికి ఎదురు రాకూడదని నేను గోడ వారన నిలబడ్డాను. నా సీట్లో కెమెరా పట్టుకుని పెళ్ళికూతురి మేనమామ, నాకు రెట్టింపు మనిషి, కూర్చుని ఉన్నాడు. కారు గుంత వైపు వెళ్తుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతా తెలిసినా సరే. చక్రం గుంతలో పడింది. లేచింది. మెరూన్ సీట్లు ఎండలో ఒక్కసారి మెరిసి, కారు మలుపు తిరిగిపోయింది. మలుపులో మరిది హారన్ కొట్టాడు.

లోపలికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. కాలు మళ్ళీ ఊగుతోంది. రెక్సిన్ ముక్క మడిచి పెట్టాను గానీ, ఆ చెక్కలా కుదరలేదు.