మామ ఏరుకున్న ఎర్రచుక్క

మా మామ పోయినాడు. మొన్న ఆదివారం పొద్దున పెనుకొండ పక్క ఊరి నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి, "నాయన పోయినాడు బావా" అన్నాడు. నా భార్య ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇంక నన్ను తిట్టేవాడు లేడు అనుకున్నాను, అంతే.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నా చేత కాదు. ఆ మనిషిని నేను ఏండ్ల తరబడి ద్వేషించినాను. ఆయన నన్ను అంతకంటే శ్రద్ధగా ద్వేషించినాడు. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మామ మిలిటరీలో హవల్దారుగా చేసినాడు. కొత్తగా చేరిన పిల్లోళ్లకు తుపాకీ కాల్చేది నేర్పేవాడంట. రిటైరై ఊరికొచ్చి శనక్కాయ పంట పెట్టుకున్నాడు. నేను ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి డిజైన్లు వేస్తాను. నా భార్య నన్ను కోరి చేసుకుంది. "యూనిఫారం వేసుకునేవాన్ని తెద్దామనుకుంటి. ఇది చుక్కలు పెట్టేవాన్ని తెచ్చుకునింది" అని మామ పెండ్లిపందిట్లోనే పదిమంది వినేటట్టు అన్నాడు. నన్ను ఒక్కనాడూ అల్లుడా అని పిలవలేదు. "ఏమబ్బా" అనేవాడు, బస్సులో టికెట్ అడిగినట్టు. మా ఇంటికొస్తే మజ్జిగ తాగేవాడు గానీ మెతుకు ముట్టేవాడు కాదు.

ఆయనకు లైసెన్సు అక్కరలేని పాత ఎయిర్ గన్ ఒకటుండేది. ఆదివారం చేన్లో ఖాళీ డబ్బాలు పెట్టి కాల్చేవాడు. ఇంకొకర్ని తాకనిచ్చేవాడు కాదు. ఆయన గర్వమంతా అందులోనే ఉందని కనిపెట్టి నేనూ ఒకటి కొన్నాను. దానిమీద బిగించడానికి బెంగుళూరులో అన్నిటికంటే చవకైన రెడ్ డాట్ తెచ్చినాను. బొటనవేలంత గొట్టం. అందులోంచి చూస్తే ఎర్రచుక్క కనపడుతుంది. చుక్కను గురిమీద పెట్టి నొక్కడమే. మామూలు తుపాకీకైతే వెనక గాడి, ముందర మొన, దూరాన గురి, మూడూ ఒక వరసకు రావాల.

మామ దాన్ని చూసి, "దీపం పెట్టుకోని కాల్చేది దీపావళి. తుపాకీ కాదు" అన్నాడు.

ఆరోజు చుట్టాలంతా చేన్లో ఉన్నారు. నేను డబ్బాలు బండ ముందర వరసగా పెట్టినాను. "వాటెనక మట్టి మూటలు పెట్టబ్బా. సీసం గుండు బండకు తగిలితే వెనక్కి వస్తాది" అన్నాడు మామ.

"నీకు కండ్లు కనపడకపోతే మూటల మీద సాకు ఎందుకు మామా" అన్నాను.

అప్పటికే మసకబారిన కండ్లతో ఆయన పది కాల్చినాడు. ఒక్కటే పడింది. నేను ఎనిమిది పడేసినాను. చుట్టాలు నవ్వినారు, వాళ్లకంటే గట్టిగా నేను నవ్వినాను. ఆ నవ్వులోనే ఇంకో వరస మొదలుపెట్టినాను. ఎయిర్ గన్ స్ప్రింగు ముందుకీ వెనక్కీ గట్టిగా కుదుపుతుంది. ఆ కుదుపుకు చవక మరలు వదులై చుక్క పక్కకు జరిగింది. నేను చూసుకోలేదు. గుండు డబ్బాను దాటి బండకు కొట్టుకొని వెనక్కి ఎగిరింది. నా వెనక కూర్చోని కాయలు ఒలుస్తున్న నా భార్య కేక పెట్టింది. ఎడమ కంటి కింద రక్తం.

మామ లేచి వచ్చి అందరి ముందరా నా చెంప పగలగొట్టినాడు. కూతుర్ని చేతులమీద ఎత్తుకొని జీపులో హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోయినాడు. వేలెడు పైన తగిలుంటే కన్ను పోయేదన్నాడు డాక్టరు. ఆస్పత్రి మెట్ల మీద మామ నాతో అన్న మాట ఇది: "నువ్వు చుక్కను చూసినావు. చుక్క ఎనక ఏముండాదో చూడలేదు."

తర్వాత నాలుగేండ్లు నాతో మాట్లాడలేదు. ఆయన చెప్పింది నిజం కాబట్టే ఆయనంటే నాకు మరింత కసి పుట్టింది.

ఒకరోజు నా భార్య, "నాయనకు కంటి ఆపరేషన్ అయినా ఒక కన్ను సరిగా కనపడలేదంట. ఆ ఎర్రచుక్కది కొనుక్కుంటాడంట. బెంగుళూరికి నిన్ను తోడు రమ్మంటాండాడు" అంది.

"కొడుకును తీసుకొని పొమ్మను."

"నువ్వే రావాలంట."

నేను ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కినాను, ఆయన పెనుకొండలో ఎక్కినాడు. ఎదురెదురుగా కూర్చున్నాం. హిందూపురం దాటిందాకా ఆయన కిటికీలోంచి చేన్లు చూసినాడు. చివరికి నేనే, "నన్నెందుకు పిలిచినావు?" అన్నాను.

"చెడ్డది కొన్నోనికే చెడ్డది ఎట్లుంటాదో తెలిసేది" అన్నాడు, కిటికీలోంచి మొహం తిప్పకుండా.

అంగట్లో మూడు తీసి పెట్టినారు. ఖరీదైనదాన్ని చూసి మామ, "దీని బ్యాటరీ హిందూపురంలో దొరుకుతాదా?" అన్నాడు. దొరకదన్నారు. పక్కకు తోసినాడు. రెండోది నేను కంటికి పెట్టుకొని గోడ గడియారం మీద చుక్క నిలిపి, తల కొంచెం జరిపినాను. చుక్క గడియారం దాటి పోయింది. "ఇది వద్దు" అన్నాను. మూడోదాంట్లో చుక్క కదల్లేదు. వెలుగు బాగా తగ్గించుకోవచ్చు. వెలుగు ఎక్కువైతే చుక్కే గురిని మింగేస్తుంది. తుపాకీకి బిగించే పట్టు ఇనుముది, ఎయిర్ గన్ గాడికి సరిపోతుంది. మామ దాన్ని తీసుకొని బల్ల అంచుకు టపటపా కొట్టినాడు. అంగడాయన "అయ్యయ్యో" అని లేచినాడు. మామ మళ్లీ చూసి, "ఉన్నచోటే ఉండాది. ఇది చాలు" అన్నాడు.

బిల్లు రాస్తూ అంగడాయన కన్నడంలో, "మీ కొడుకా?" అని నన్ను చూపించినాడు. "కాదు" అన్నాడు మామ. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చినాడు.

మరుసటి ఆదివారం చేన్లో మట్టి మూటలు నేనే నింపినాను. యాభై గుండ్లు కాల్చి, మరలు మళ్లీ బిగించి, అప్పుడు డబ్బాలు పెట్టినాం. ఎర్రచుక్కకు రెండు కండ్లూ తెరిచే చూడాల. పాడైన కంట్లోంచి నీళ్లు కారుతున్నా మామ తుడుచుకోలేదు. పదిట్లో ఆరు పడినాయి. నన్ను మెచ్చుకోలేదు.

"దాని కంటికింద మచ్చ పోయిందా?" అని అడిగినాడు.

"పోలేదు."

"ఉండనీలే. నీకు జ్ఞాపకముంటాది."

ఇప్పటికీ ఏ పనికి చెయ్యి చాచినా దాని వెనక ఏముందో ఒకసారి చూస్తాను. అది ఆయన నేర్పిందేనని ఆయన ముందర ఒప్పుకోడానికి నాకు నోరు రాలేదు. ఈడ రాస్తున్నాను.

ఆరోజు పడిన డబ్బాలు నిలబెట్టడానికి బండ దాకా నడిచినాను. ఎయిర్ గన్‌ను మడత కత్తి మాదిరి మధ్యకు విరిచి తెరిచి పెడితే అది పేలదు; ముందర మనిషి ఉంటే దాన్ని తాకను కూడా తాకకూడదని మిలిటరీలో నేర్పుతారంట. వంగి డబ్బా తీస్తూ ఎందుకో వెనక్కి తిరిగినాను. మామ తుపాకీని విరిచి, తెరిచిన చోటు నాకు కనపడేటట్టు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. రెండు చేతులూ దానికి ఎడంగా, గాల్లో పట్టుకొని కూర్చున్నాడు. నేను చివరి డబ్బా నిలిపి, ఆ ఎండలో నడిచొచ్చి, ఆయన వెనక్కు చేరుకునేదాకా ఆ చేతులు కిందికి దించలేదు.